నలభై రోజుల చెట్టు

శంషాబాద్ కొత్త విమానాశ్రయం గోడ పక్కన బుచ్చయ్య గౌడ్ ఏడు తాటిచెట్లు గీస్తాడు. నడుముకు మోకు బిగించి, చెట్టుకు దండం పెట్టి ఎక్కుతాడు; నెత్తిమీంచి విమానం పోయినా తలెత్తడు. కల్లు తాటాకు దొప్పలోనే పోస్తాడు, గ్లాసు అడిగితే వినబడనట్టే ఉంటాడు. ఒక చెట్టు కల్లు నలభై రోజులు ఒక్కరికే. గోడమూల చెట్టు పెంటయ్య తాతది. "పులిసిందిరా" అని తాత రోజూ గొణిగేవాడు, దొప్ప మాత్రం నాకేసేవాడు.

ముప్పై ఏడో రోజు సాయంత్రం తాత చనిపోయాడు. మర్నాడు ఆ చెట్టు కల్లు లొట్టి తనకిమ్మని ఒక టాక్సీ డ్రైవరు అడిగాడు.

"గది పెంటయ్య తాతది."

"ముసలాయన పోయిండు గదన్నా!"

"ఇంక మూడు దినాలున్నయి."

బుచ్చయ్య దొప్ప మడిచి, నిండా వంచి, చెట్టు మొదట్లో పోశాడు. నేల పీల్చుకునేదాకా చూశాడు.

"జర పులిసింది తాతా," అన్నాడు. "రేపు జల్ది దింపుత."