ఏడు పల్లీలు, తొమ్మిది బొబ్బెర్లు

అప్పట్లో మా జడ్చర్ల వైపు ఇళ్లలో విత్తనానికి దాచిన గింజకున్న మర్యాద కోడలికి ఉండేది కాదు. మూడో తరగతితో బడి మానేసిన నేను పదిహేడేళ్లకే అత్తింట విత్తనాల కుండకు కాపలాదారునయ్యాను. (ఇప్పటికీ మనవరాళ్లు పప్పు డబ్బా తీస్తే నా కళ్లు వాళ్ల చేతుల మీదే.) మా మరిది పాలమూరు కాలేజీలో సైన్సు చదివేవాడు. గొర్రెల మందున్న ఇంట్లో అంత చదివింది వాడొక్కడే. మామ మాత్రం, "గీసారి బయటి సారొచ్చి మంచిగున్నదంటెనే చదువు, లేకుంటె గొర్లెంట పో" అని తేల్చేశాడు.

పరీక్షకు వేరే ఊరి నుంచి వచ్చే ఆ సారుకు చూపించడానికి వాడు పరమాణువు నడుమ ఉండే ముద్ద బొమ్మ చెయ్యాలట. "వదినా, ఎనిమిది ఎర్ర పల్లీలు, ఎనిమిది తెల్ల బొబ్బెర్లు తుమ్మబంకతోని అతికియ్యి. పల్లీలు ప్రోటాన్లు, బొబ్బెర్లు న్యూట్రాన్లు. గిది ఆక్సిజన్."

"బొబ్బెర్లెందుకు మరి?"

"పల్లీలు ఒకదాన్నొకటి నూకుకుంటయి. నడుమ బొబ్బెర్లుంటెనే కలిసుంటయి. గట్లని అవి ఎక్కువైనా ముద్ద నిలువది."

"మనింటి లెక్కనే" అన్నాను.

ఏడు పల్లీలు తీసేసరికి నా చెయ్యి ఆగిపోయింది. ఒక గింజంటే ఒక చెట్టు. ఎనిమిదోదాని బదులు పుచ్చు బొబ్బెర ఒకటి ఎక్కువ అతికించాను. మొత్తం పదహారే కదా, ఎవరు లెక్కపెడతారు.

సారు లెక్కపెట్టాడు. మర్నాడు సాయంత్రం మరిది పొయ్యి దగ్గర కూర్చుని, "ఏడే ప్రోటాన్లున్నయి, గిది ఆక్సిజన్ కాదు, నైట్రోజన్ అన్నడు వదినా" అన్నాడు. పెనం మీద నా రొట్టె మాడిపోయింది.

"నువ్వేమన్నవు?"

"పానం పోయినంత పనైంది. జరసేపటికి యాదికొచ్చింది. న్యూట్రాన్లు ఎక్కువైనయి సార్, గిది నిలువది, అండ్ల ఒకటి ప్రోటానైతది, ఓ ఎలక్ట్రాన్ బయటికి పోతది, కొన్ని సెకండ్లల్ల ఆక్సిజనే అయితది అన్న. సారు ఈపు తట్టిండు."

"అంటె నేను చేసిందే మంచిగైంది."

"నీ పిసినారితనం మంచిగైంది."

మామ అంతా విని, చుట్ట ఆర్పి, "మరి గొర్లెంట ఎవలు పోవాలె?" అన్నాడు. తప్పు చేసినదాన్ని కదా, "నేను పోత మామా" అన్నాను.

ఆ ఏడాదంతా వాడు కాలేజీకి, నేను గుట్టకు. సాయంత్రం వాడు బస్సు దిగి నేరుగా నా దగ్గరికే వచ్చి, మందను మళ్లేస్తూ ఆ రోజు పాఠం చెప్పేవాడు. సగం అర్థమయ్యేది కాదు. అయినా కాళ్లు పీకుతున్నా, రేపు పరీక్ష నాకే అన్నట్టు వినేదాన్ని. పదిహేడేళ్ల ఆ పిల్లను తలచుకుంటే ఇప్పుడు నవ్వొస్తుంది. ఎవరైనా ఇంకో నాలుగేళ్లు బడికి పంపాల్సింది అనిపిస్తుంది.