ఎక్కడని అడగని డాక్టరమ్మ

ప్రొద్దుటూరు ఆసుపత్రిలో నేను నర్సుగా చేసిన ఫ్యాక్షన్ రోజుల్లో, ఇన్నాళ్లూ ఎక్కడున్నావని అడిగితే, పగవాళ్లకు దొరక్కుండా దాక్కుని తిరిగే రోగులు నిజం చెప్పేవారు కాదు. మా డాక్టరమ్మ ఆ ప్రశ్నే మానేసింది.

జమ్మలమడుగు వైపు మనిషి ఒకడు విడవని జ్వరంతో చేరాడు. స్కాన్‌లో గుండె కవాటానికి ఇన్ఫెక్షన్ కనబడింది గానీ, రక్తం కల్చర్‌లో ఏ క్రిమీ పెరగలేదు. ఆమె అతని మంచం మీదే కూర్చుంది.

“యాడ దాక్కుంటివో నాకొద్దప్పా. ఆడ ఏం తాగితివో చెప్పు.”

“మేకపాలమ్మా. పచ్చివే. కాంచుకుందామని పొయ్యి ముట్టిస్తే పొగ కనపడతాది గదా.”

పచ్చిపాలతో వచ్చే జబ్బుకు వేరే రక్తపరీక్ష చేయిస్తే అదేనని తేలింది. మందులు పడ్డాయి, మనిషి నిలబడ్డాడు, మళ్లీ మాయమయ్యాడు.

అవతలి వర్గం వాళ్లొచ్చి, వాడెక్కడ దాక్కుంటాడో చెప్పమని ఆమెను నిలదీశారు.

“ఆయప్పను నేనడగలేదు. రేపు మీరు జరంతో వచ్చినా అడగను,” అంది.