కలర్ ల్యాబ్‌లో మా ఆపా

ఆపా పోయిందని మొన్న శుక్రవారం కోరుట్ల నుంచి ఆమె తమ్ముడు ఫోన్ చేశాడు. "దవాఖానకు తీస్కపోయేలోపే అయిపోయిందక్కా" అన్నాడు. ఫోన్ పెట్టేశాక ఏం చేయాలో తోచలేదు. వెంటనే ఆపాకే ఫోన్ చేసి ఈ సంగతి చెప్పాలనిపించింది. ఇన్నేళ్లూ ఏ కష్టమొచ్చినా నేను చేసింది అదే మరి.

తెలంగాణ ఉద్యమం రోజుల్లో జగిత్యాలలోని ఒక కలర్ ల్యాబ్‌లో ఇద్దరం పనిచేశాం. నాకంటే పెద్దది కాబట్టి ఉర్దూలో అక్క అన్నట్టు ఆపా అని పిలిచేదాన్ని. చుట్టుపక్కల స్టూడియోల వాళ్లు తీసిన పెళ్లి ఫోటోలతో మేం ఆల్బమ్‌లు తయారుచేసేవాళ్లం. ఫోటోలన్నీ వెనక గదిలోని స్టోరేజీ డబ్బాలో ఉండేవి. ముందు గదిలోని కంప్యూటర్లన్నీ నెట్‌వర్క్ మీద దాంట్లోంచే వాటిని తెరిచేవి. ఆ డబ్బా ఆపా చేతి కింద ఉండేది. పొద్దున రాగానే బుర్ఖా మేకుకు తగిలించి, డబ్బా మీద అరచెయ్యి పెట్టి చూసేది, జ్వరం వచ్చిన పిల్లల నుదురు చూసినట్టు. తర్వాతే నోట్లో ఇంత సోంపు వేసుకుని పని మొదలుపెట్టేది.

సమ్మెతో బస్సులు ఆగిపోయినప్పుడు ఆమె కోరుట్ల వెళ్లలేక మా ఇంట్లోనే ఉంది. అప్పుడే ఒకరోజు సిరిసిల్ల నుంచి ఒక పెద్దాయన వచ్చాడు. మరమగ్గాల మీద పనిచేసే మనిషి. దారిలో వాళ్ల బండీ వీళ్ల బండీ ఎక్కి వచ్చాడట.

"బిడ్డ కాన్పుల పోయింది. పెండ్లి ఫోటోలు మీ దగ్గర్నే చేయించిండ్రట. ఒక్కటి కావాలె. ఆల్బమ్ అల్లునింట్ల ఉన్నది గని, పోయి అడుగుడు మనసొప్పలే" అన్నాడు.

కొంచెం ముందే కరెంటు పోయి వచ్చింది. నేను ఫోల్డరు తెరవబోతే తెరుచుకోలేదు. దారి దొరకడం లేదని కంప్యూటర్ ఒకటే మాట చూపిస్తోంది. మళ్లీ మళ్లీ నొక్కాను.

"కరెంటు దెబ్బకు డిస్క్ కాలినట్టున్నది. ఫోటోలు లేవని చెప్పుండ్రి" అన్నాడు ల్యాబ్ ఓనరు సేటు, మెల్లగా.

పెద్దాయన విననే విన్నాడు. భుజం మీది తువ్వాల తీసి చేతిలో నలుపుతూ నిలబడ్డాడు.

"చూడకుంట లేవని ఎట్ల చెప్తం సేటూ?" అని ఆపా లేచి నా చెయ్యి పట్టుకుంది. "నొక్కుడు ఆపు చెల్లే. తలుపు తీస్తలేరంటె ఇంట్ల ఎవ్వరు లేరని కాదు."

పక్క కంప్యూటర్లలో చూసింది. అన్నిట్లో అదే మాట. వెనక గదిలోకి వెళ్లి కేబుల్ తీసి మళ్లీ బిగించింది. డబ్బా లైట్లు వెలుగుతూనే ఉన్నాయి. చివరికి రూటర్‌లో వెతికితే అసలు సంగతి తెలిసింది. కరెంటు పోయి వచ్చినప్పుడు డబ్బా నెట్‌వర్క్ నంబరు మారిపోయింది. మా కంప్యూటర్లేమో ఇంకా పాత నంబరునే పట్టుకుని వెతుకుతున్నాయి.

"ఇల్లు మారింది, గంతే. మనం పాతింటి తలుపు కొడుతున్నం" అంది ఆపా. నంబరు ఇక మారకుండా కట్టడి చేసి, కంప్యూటర్లన్నిటికీ అదే ఇచ్చింది. ఫోల్డరు తెరుచుకుంది.

పెద్దాయనకు కుర్చీ వేసి ఒక్కొక్క ఫోటో చూపించింది. నగలతో నిండుగా కూర్చున్న ఫోటోలు చాలా ఉన్నాయి. ఆయన వాటన్నిటికీ తల అడ్డంగా ఊపుతూ పోయాడు. తలంబ్రాలప్పుడు పెళ్లికూతురు నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతున్న ఫోటో దగ్గర మాత్రం ముందుకు వంగాడు.

"గిదే. ఇంట్ల గిట్లనే నవ్వుతుండె. జర పెద్దగ చెయ్యి బిడ్డా."

ఆపా ఆ ముఖాన్ని తెర నిండా చేసింది. పెద్దాయన చెయ్యి తెర దాకా పోయి ఆగింది.

"ముట్టుకోవచ్చునా?"

"ముట్టుకో కాకా" అంది ఆపా.

తెర మీద వేలిముద్ర పడితే తుడవందే ఊరుకోని మనిషి, ప్రింటు తీసి ఆయన చేతిలో పెట్టి పంపాక కూడా ఆ రోజు గుడ్డ ముట్టలేదు.

ఇప్పుడు నేను వేరేచోట పనిచేస్తున్నాను. ఏదైనా తెరుచుకోకపోతే అందరూ నన్నే పిలుస్తారు. "నొక్కుడు ఆపుండ్రి" అంటాను. ఆ మాట ఎవరిదో వాళ్లకు తెలియదు. ఆమె గొంతుతో ఇంకొక్కసారి వినాలని ఉంది.

పెద్దాయన వచ్చిన ఆ రోజు సాయంత్రం ఇద్దరం నడిచి ఇంటికి బయల్దేరాం. కోరుట్ల రోడ్డు మీద ఒక్క బస్సు లేదు, లారీ లేదు. దూరంగా దీక్షా శిబిరంలో డప్పులు మోగుతున్నాయి. ఆపా పక్కగా నడవడం మాని రోడ్డు నడిమధ్యకు వెళ్లింది. "గింత రోడ్డు మనకే చెల్లే!" అంటూ తెల్లగీత మీద అడుగులో అడుగు వేసుకుంటూ, బుర్ఖా అంచు కొద్దిగా పైకి పట్టుకుని, నా ముందు నడుస్తూ పోయింది.