చప్పబడాల్సిన బావి

మా మావగారు పోయారు. సఖినేటిపల్లిలో, పెరటి బావి కనబడేలా వేయించుకున్న మంచం మీదే, తెల్లారి కాఫీ వేళకి. పలకరించడానికి వచ్చినవాళ్ళు చివర్లో గొంతు తగ్గించి అదే అడిగారు: "బావి చప్పబడిందాండీ?"

చప్పబడలేదు.

ఆ మాట మొదట్లో నాకూ తెలియదు. మాది రాయవరం, కాలవ నీళ్ళు తాగి పెరిగాను. కొత్త కోడలిగా నేనిచ్చిన మొదటి కాఫీ తాగి ఆయన "ఆహా, చప్పగా ఉందమ్మా!" అన్నారు. నా మొహం మాడిపోయింది. గ్లాసు లాక్కున్నంత పని చేసి ఇంకాస్త పంచదార పోశాను. అత్తగారు పడీపడీ నవ్వారు.

"మెచ్చుకున్నారే పిచ్చితల్లీ! ఉప్పు లేని నీళ్ళని ఇక్కడ చప్పనీళ్ళంటాం. క్యాను నీళ్ళతో కాసేవుగా!"

ఒకప్పుడు వీధంతా ఆ బావి నీళ్ళే తాగేదట. ఎగువన వరసగా వానలు తప్పిన ఏళ్ళలో వేసవి గోదారి సన్నబడిపోయింది. దానికి ఎదురెక్కి సముద్రం పోటు పైకొచ్చింది, ఆ ఉప్పు నేలలోకి దిగి బావిని పట్టుకుంది. తర్వాత వరదలు రాకపోలేదు. రేవులో ఒడ్డులొరుసుకుని పారుతున్న వసిష్ఠ గోదారిని చూసి ఓసారి నేనే అడిగాను.

"ఇంత నీరొచ్చింది కదండీ మావయ్యగారూ, ఇంకా ఉప్పేంటండీ?"

"నదికేవుందమ్మా, ఒక్క వరదకి లేచి కూర్చుంటుంది. నేలది తాపీ వ్యవహారం. కొండలవతల ఎవరి చేలోనో పడని వాన, ఇంకా మన బావిలోనే ఉంది."

అంత దూరాన పడని వాన ఇంత చిన్న బావిలో ఎలా ఇమిడిందా అని, ఆ తర్వాత దానిలోకి తొంగి చూసినప్పుడల్లా భయంతో పాటు భక్తి కూడా కలిగేది.

ఆయనకి మాత్రం భయం లేదు. రోజూ పొద్దున్నే చేద వేసి, దోసిట్లో నీళ్ళు పుక్కిట పట్టి కళ్ళు మూసుకునేవారు. కొబ్బరిచెట్టు మొదట్లో ఉమ్మేసి, "ఇవాళ కాదు" అనేవారు, రేపు తప్పకుండా అన్నట్టు. తన బావి నీళ్ళతో ఒక్క కాఫీ తాగి పోవాలన్నదే ఆయన కోరిక. అదొక్కటీ తీరలేదు.

దినకార్యాలయ్యాక మా మరిది, "ఇంకెందుకమ్మా ఆ ఉప్పుబావి, పూడ్పించేద్దాం" అన్నాడు.

అత్తగారు లేచి వెళ్ళి చేద వేశారు. దోసిట్లో నీళ్ళు పుక్కిట పట్టి కళ్ళు మూసుకున్నారు. మొహం చిట్లించారు. ఆయనలా ఉమ్మేస్తారనుకున్నాను. మింగేశారు.

"ఇవాళ కాదురా" అన్నారు.