అత్త వయసుకు అధస్సూచిక

ఎం.ఏ.ల ఉన్నప్పుడు, మా చొప్పదండి దిక్కు నేతపని మాటల మీద పరిశోధన వ్యాసం రాసిన. ఆంధ్రప్రదేశ్ ఏర్పడి అప్పటికి నాలుగైదేండ్లు. హైదరాబాదుల మా సారుకు ఆధారాలంటే ప్రాణం.

"పుస్తకమైతే రచయిత, పుస్తకం పేరు, అచ్చైన ఊరు, సంవత్సరం, పుట. మనిషి నోటి మాటైతే పేరు, ఊరు, పని, వయసు. పేజీ అడుగున గదే వరుసల రాయాలె. వాళ్లేం చెప్పిన్రో అదే రాయి. నీ సొంతం ఒక్క అక్షరం కలపకు" అన్నడు.

సెలవులకు ఊరికి పోయి పక్కింటి అత్త దగ్గర కూసున్న. ఆమె పడుగు దారం మేకుల చుట్టూ తిప్పి ఆసు పోసుకుంట నూరు మాటలు చెప్పింది. దారం తెగినప్పుడల్లా తిట్టిన తిట్లు గూడ రాసుకున్న. సొంతం కలపొద్దన్నడు గని, తీసెయ్యమనలేదు గదా.

"అత్తా, నీ వయసెంత?"

చెయ్యి ఆగింది. "గదెందుకు?"

"కింద రాయాలె. లేకుంటే సారు ఒప్పుకోడు."

"నలభై రాయి."

"జర సోంచాయించి చెప్పు."

"నూరు మాటలు చెప్తే అన్నీ నమ్మినవ్. గీ ఒక్కటి నమ్మవా?"

నలభై అని రాసిన. లోపల మగ్గం నేస్తున్న ఆమె కొడుకు, అంటే మా బావ, గూడ కొన్ని మాటలు చెప్పిండు; తన వయసడిగితే ఉన్నదున్నట్టు నలభై రెండన్నడు. అదీ రాసిన. వ్యాసంల ఇద్దరూ ఒకే పేజీ అడుగున, ఒకరి కింద ఒకరు పడ్డరు. చూసి నవ్వుకున్న గని దిద్దలే.

మౌఖిక పరీక్షకు బయటి నుంచి ఒక పెద్దాయన వచ్చిండు. కళ్లద్దాలు సవరించుకొని, ఆ పేజీ అడుగున వేలు పెట్టి, "వీళ్లిద్దరూ ఒకరికొకరు ఏమవుతారు?" అని అడిగిండు.

"తల్లీకొడుకులు సార్."

"తల్లికి నలభై, కొడుక్కి నలభై రెండా?"

"వాళ్లు చెప్పిందే రాసిన సార్. సొంతం ఒక్క అక్షరం కలపలే."

మా సారు కిటికీ దిక్కు తిరిగిండు. పెద్దాయన భుజాలు కదిలేటట్టు నవ్విండు. "అయితే పక్కన 'ఆమె చెప్పిన ప్రకారం' అని చేర్చండి. ఆమెకు మర్యాద దక్కుతుంది, మీ మీదికి మాట రాదు."

అక్కడే సిరాతో చేర్చిన. పాసైన.

ఊరికి పోయి అత్తకు చెప్పిన.

"గంత చదివినాయన గూడ నలభై అంటే ఒప్పుకున్నడా?"

"రాయించిండు గూడ."

ఆమె లోపలికి తిరిగి కేకేసింది. "ఇన్నవారా? నీ వయసే నువ్వు తప్పు చెప్పినవ్!"

మగ్గం చప్పుడు ఆగింది. బావ తలకాయ బయటికి పెట్టి నా దిక్కు చూసిండు. నేను కాయితాలు సంచిల పెట్టుకొని లేచిన.