పగటిపూట లైట్లు

మా ముత్తాత నైజాం జమానాలో నాలుగు ఊళ్లకు మాలీ పటేల్. శిస్తు ఆయన చేతి మీదుగానే సర్కారుకు చేరేది. మా తాత వెదురు, తునికాకు కంట్రాక్టులు చేశారు. కొత్తగూడెం నుంచి గోదావరి ఒడ్డు దాకా ఆయన బండి చప్పుడు తెలియని గూడెం లేదు. మా నాన్న కాలానికి భూమి కొంత సీలింగు కింద, కొంత కోర్టు ఖర్చుల కింద పోయింది. నా దాకా వచ్చినవి ఇల్లు, నాన్న కొన్న డీజిల్ జీపు.

మా ఇంటి బండికి తాత పెట్టిన ఆనవాయితీ ఒకటుంది. అడవి దారిలోకి దిగితే పట్టపగలైనా లైట్లు వేసి నడపాలి. ఆ లైట్లు చూసి ఎదురొచ్చే బండ్లు దూరం నుంచే పక్కకు తీసేవట. నేను నడిపే నాటికి ఎవరూ తీయడం లేదు. పైగా ఎదురొచ్చే ప్రతి లారీ డ్రైవరూ చెయ్యి బయట పెట్టి, వేళ్లు మూసి తెరిచి సైగ చేసేవాడు. సైకిళ్ల వాళ్లయితే అరిచేవారు.

"ఓ సారూ, లైట్లు ఎలుగుతున్నయ్!"

నేను తల తిప్పేవాడిని కాదు.

రెండు వేల సంవత్సరం దాటిన ఆ తొలి ఏళ్లలో మా ఇల్లు గడిచింది ఆ జీపు మీదే. కొత్తగూడెంలో ఉండే ముగ్గురు టీచర్లు బస్సులో మా ఊరి దాకా వచ్చేవారు. అక్కడి నుంచి వాళ్ల బడులున్న అడవి పల్లెలకు బస్సు లేదు. పొద్దున నేను దింపి, సాయంత్రం తీసుకొచ్చేవాడిని. దాన్ని కిరాయి అని నేను ఎన్నడూ అనలేదు. డీజిల్ వాళ్లే పోయించేవారు. నెల చివర ఒక కవరు మా ఆవిడ చేతికిచ్చి వెళ్లేవారు. ఆ కవరుతోనే మా ఇంట్లోకి బియ్యం వచ్చేవి. జీపు పొద్దున కదలకపోతే ఆ కవరూ లేదు.

ఒక చలికాలం పొద్దున అది కదల్లేదు. సెల్ఫ్ కొడితే టక్కుమని ఊరుకుంది. బ్యాటరీ చాలా ఏళ్లనాటిది. తోయించి లేపి కొత్తగూడెం తీసుకెళితే, ఒక ఎలక్ట్రీషియన్ కొత్తది బిగించి, ఇంజన్ నడుస్తుండగా మీటరు పెట్టి చూశాడు. అడవి దారిన వచ్చాను కాబట్టి లైట్లు వెలుగుతూనే ఉన్నాయి.

"పద్నాలుగు. ఛార్జింగ్ మస్తుగుంది."

"బ్యాటరీ మీద పన్నెండు అని రాసి ఉంది కదా?"

"అవ్ సార్, పన్నెండు దానికి పద్నాలుగు ఇయ్యాలె. గట్లయితేనే ఎక్కుతది."

పన్నెండు పట్టే పాత్రలో పద్నాలుగు పోయడం ఏమిటో నాకు అర్థం కాలేదు. అడగడం మర్యాద కాదనిపించింది.

"గని పగటిపూట గీ లైట్లేంది సార్? బ్యాటరీని తింటయ్. బంద్ వెట్టుండ్రి, పదేండ్లొస్తది."

ఇంట్లో ఆ మాట చెబితే మా ఆవిడ వెంటనే అంది: "మీ తాతగారేం బియ్యం పంపుతలేరు గదా. బంద్ పెట్టండి." ఆ రోజు నుంచి లైట్లు ఆర్పి నడిపాను. లారీల సైగలు ఆగిపోయాయి.

పది ఏళ్లు రావలసిన బ్యాటరీ ఎండాకాలం మొదలయ్యేసరికి చచ్చింది. మూతలు తీస్తే లోపల నీళ్లు అడుగంటాయి. బానెట్ దగ్గరికి వచ్చిన మా ఆవిడ కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంది.

"ఏందండీ ఈ వాసన? మురిగిన గుడ్డు లెక్క!"

ఆ పొద్దున టీచర్లు ముగ్గురూ దిగి జీపును తోశారు. వాళ్లలో పెద్దాయన ఇస్త్రీ చొక్కా చేతులు మడిచి మరీ తోశారు. టీ కొట్టు ముందు కూర్చున్న ముసలాయన మా తాత దగ్గర వెదురు నరికినవాడు. నన్ను చూసి అన్నాడు:

"ఏం దొరా, ఎట్టి చాకిరికి సార్లను గూడ పెట్టుకున్నరా?"

అందరూ నవ్వారు. టీచర్లు కూడా నవ్వారు. నేను స్టీరింగ్ పట్టుకుని ముందుకు చూస్తూ కూర్చున్నాను.

ఈసారి భద్రాచలంలో చూపించాను. అక్కడి ఎలక్ట్రీషియన్ మీటరు పెట్టగానే ఈల వేశాడు.

"పదహారు దాటింది! బ్యాటరీని ఉడకేస్తున్నరు సార్. కరెంటును కంట్రోల్ చేసే రెగ్యులేటర్ మార్చాలె."

"కొత్తగూడెంలో పద్నాలుగు అన్నారు. అదే జీపు."

"అయితే ఆయన మీటర్ను గోదాట్ల పారెయ్యమనుండ్రి."

ఇద్దరిలో ఒకడు అబద్ధమాడుతున్నాడు. రెగ్యులేటర్ అమ్మజూపిన వాడి మీదే నాకు అనుమానం కలిగింది. పైగా ఛార్జింగ్ తక్కువైతే చెడుతుంది గానీ ఎక్కువైతే చెడడమేమిటి? ఎక్కువ పెట్టినందుకు ఎవరైనా చస్తారా? బ్యాటరీ మాత్రం కొత్తది వేయించి వచ్చేశాను. ఇంకా జాగ్రత్తగా, సాయంత్రం చీకటి పడేదాకా లైట్ల జోలికే పోలేదు.

వేసవి సెలవులు అయి బడులు తెరిచాక, వానలు పడకముందే అదీ పోయింది. ఈసారి తోయడానికి టీచర్లు దిగలేదు. పెద్దాయన నా పక్కకు వచ్చి నిలబడ్డారు.

"ఏమనుకోకండి. ఆలస్యమైతే మాకు పైనుంచి మాట వస్తుంది. రేపటి నుంచి ఆటో మాట్లాడుకున్నాం."

"మంచిది," అన్నాను.

ఆ మధ్యాహ్నం కొత్తగూడెం ఎలక్ట్రీషియన్‌ను మీటరుతో సహా మా ఇంటికి రప్పించాను. అతని దగ్గరున్న బ్యాటరీతోనే ఇంజన్ లేపించాను. మీటరు పదహారు దాటి చూపింది. అతను బుర్ర గోక్కున్నాడు.

"గిదేంది సార్, ఆనాడు బరాబర్ పద్నాలుగుండె."

ఆ రోజుకూ ఈ రోజుకూ తేడా ఏమిటని ఆలోచిస్తూ లైట్ల స్విచ్ లాగాను. ముల్లు పద్నాలుగుకు దిగింది. ఆర్పాను, ఎక్కింది. మళ్లీ వేశాను, దిగింది. ఇద్దరం ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. రెగ్యులేటర్ ఎప్పుడు పాడైందో ఎవరికీ తెలియదు. అదుపు తప్పిన కరెంటులో ఎక్కువైన దాన్ని ఇన్నాళ్లూ లైట్లు తాగుతూ వచ్చాయి. ఆర్పేసరికి అదంతా బ్యాటరీ మీద పడింది.

"అంటే లైట్లు బ్యాటరీని తినలేదు, కాపాడాయి!" అన్నాను.

"తింటయ్ సార్. గని మీ బండిల కాపాడినయ్." అతనికీ తికమకగానే ఉంది.

తాతకు వోల్టేజీ అంటే ఏమిటో తెలియదు. ఆయన లైట్లు వేసింది జనం పక్కకు తొలగడానికి. అయినా ఆయన మాట మీద నిలబడిన రోజుల్లో, పాత బ్యాటరీ చచ్చిన ఆ ఒక్క పొద్దు తప్ప, ఆ జీపు పొద్దునే లేచింది. దీన్ని ఏమనుకోవాలో నాకు ఇప్పటికీ తేలలేదు. రెగ్యులేటర్ మార్పించాను. లైట్లు వేసినా ఆర్పినా ముల్లు పద్నాలుగు దగ్గరే నిలబడింది. ఆ సంగతి పెద్దాయనకు కబురు పంపాను. ఆటో అతనికి మాటిచ్చామని, ఏమీ అనుకోవద్దని జవాబు వచ్చింది.

జీపు రెండు నెలలు ఇంటి ముందే నిలబడింది. ఆ తరువాత కారేపల్లి వైపు నుంచి వచ్చిన ఒక మిర్చి రైతుకు అమ్మాం.