తొలి దెబ్బ ఎవరిది

చిన్నప్పుడు నాకు మృదంగం నేర్పిన మాస్టారు ఒకే మాట చెప్పేవారు: "పాడేవాళ్ల మొహం చూస్తుండమ్మా. వాళ్లెటు పోతే అటు పో." సాఫ్ట్‌వేర్ వాళ్లకు గిరాకీ ఉన్న రోజుల్లో ఉద్యోగానికి సింగపూర్ వచ్చాను. ఆఫీసులో కీబోర్డు వాయించే హైదరాబాదీ సహోద్యోగి లాటిన్ బ్యాండు పెడుతూ నన్ను కోంగాలకు పిలిచాడు. అవి అరచేతులతో వాయించే పొడుగాటి డోళ్లు. మాస్టారు నేర్పిన, పక్కవాళ్ల వెంట పోయే అలవాటుతోనే వెళ్లాను.

ఆ సంగీతంలో పాటంతా ఒక దరువును పట్టుకుని నడుస్తుంది. దరువుకు రెండు సగాలు. పాట మొదలవాల్సిన సగం తప్పితే అంతా తలకిందులే. పాట ఎత్తుకోవడానికి అతను వన్ టూ త్రీ అని లెక్కపెట్టిన ప్రతిసారీ తప్పేది. నేను ఆ సగం మింగేసి, రెండో సగంలో అందుకుని సర్దేదాన్ని.

జురాంగ్ వెస్ట్‌లో శనివారం ప్రాక్టీసుల్లో అందరిచేతా వాద్యాలు కింద పెట్టించి, దరువు చేతికెక్కేదాకా చప్పట్లు కొట్టించాను, మాస్టారు నాచేత తాళం వేయించినట్టు. కోంగా పలికాకే మిగతావాళ్లు అందుకోవాలన్నదీ నేను పెట్టిన పద్ధతే.

తంజోంగ్ పగార్‌లో తెలుగువాళ్ల కార్యక్రమం. నిర్వాహకుడైన అంకుల్ స్టేజి వెనక్కి వచ్చారు.

"లీడర్‌గా నీ పేరే చెప్తాను బాబూ. ఈ అమ్మాయి డ్రమ్ములు కొడుతుంది, అంతేగా?"

"అంతే అంకుల్," అన్నాడతను. నావైపు తిరిగి నవ్వాడు. "ఫీల్ గాకు. లీడరంటే మైకుల మాట్లాడాలె. నువ్వు మాతోనే మాట్లాడవు."

"ప్రాక్టీస్ ఆల్ షీ టీచ్ వాట్," అంది మా పాటగత్తె, ఇక్కడే పుట్టిపెరిగిన చైనీస్ అమ్మాయి, లీడర్, డ్రమ్ములు అన్న మాటలు పట్టుకుని. ప్రాక్టీసులో అంతా నేర్పింది నేనే కదా అని ఆమె సింగపూర్ ఇంగ్లీషుకు అర్థం. ఎవరూ పట్టించుకోలేదు.

నాకు ఒళ్లు మండిపోయింది. మాట్లాడనంత మాత్రాన నేను చేసిన పని ఇంకొకరిదైపోతుందా?

స్టేజి మీద అతను మళ్లీ తప్పు సగంలోనే లెక్కపెట్టాడు. నేను సర్దలేదు. అరచేతులు తోలు మీద ఆనించి ఊరుకున్నాను. మిగతావాళ్లు కదల్లేదు. కీబోర్డు ఒక్కటే కాస్త దూరం పోయి ఆగింది.

"ఇగ కొట్టరాదూ," అన్నాడు పళ్ల బిగువున.

పాటగత్తె వైపు చూసి తలూపి, సరైన సగంలో మొదలుపెట్టాను. అందరూ ఒక్కసారి అందుకున్నారు.

పాటలయ్యాక అంకుల్ అతని భుజం తట్టారు. "మొదట్లో ఏమైంది బాబూ?"

"సౌండ్ ప్రాబ్లం అంకుల్."

"కాదండీ," అన్నాను. "మా బ్యాండులో పాట మొదలుపెట్టేది నేను. మమ్మల్ని మళ్లీ స్టేజి మీదికి పిలిచేటప్పుడు ఆ సంగతి మైకులో చెప్పండి."